బొంగురు గొంతు గిటారు

మీ బడి వార్షికోత్సవం నాడు మైకు పట్టుకున్న మాస్టారు లౌడ్‌స్పీకరుకు కాస్త దగ్గరగా జరిగేసరికి చెవులు చిల్లులు పడేలా ఒక కూత వినిపిస్తుంది కదూ! మైకుసెట్టు అతను పరుగున వచ్చి ఏదో మీట తిప్పుతాడు. కూత ఆగిపోతుంది. అలాగే స్పీకరులోని అట్ట చిరిగిందంటే పాట బరబరమంటూ వస్తుంది. బాగుచేయించిందాకా ఎవరికీ తోచదు. ఈ రెండూ మన దృష్టిలో లోపాలే. వాటిని తయారుచేసిన ఇంజనీర్ల దృష్టిలోనూ లోపాలే. కాని ఈ కూతనూ, ఈ బరబరనూ కావాలని పుట్టించి, వాటితోనే పాటలు కట్టి, కోట్లాది మందికి వినిపించిన సంగీతం ఒకటి ఉంది. దాని పేరు రాక్.

రాక్ అనగానే ఇంట్లో పెద్దలు కొందరు మొహం చిట్లిస్తారు. "అది సంగీతమా, గోలా?" అంటారు. విన్నవాళ్ళేమో దానిలో హార్డ్ రాక్, హెవీ మెటల్, పంక్, ప్రోగ్రెసివ్, గ్రంజ్ అంటూ డజన్ల కొద్దీ శాఖలు చెబుతారు. ఆ పేర్లన్నీ బట్టీ పట్టనక్కర లేదు. ఒక్క ప్రశ్న పట్టుకుని బయలుదేరుదాం. గిటారుకు అంత పెద్ద గొంతు ఎలా వచ్చింది? ఆ గొంతు ఎందుకు బొంగురుపోయింది? జవాబు వెతుకుతూ పోతే శాఖలు వాటంతట అవే ఎదురవుతాయి.

పెట్టె చాలలేదు

తీగ సన్ననిది. అది ఎంత ఊగినా గాలిని ఎక్కువగా కదిలించలేదు. అందుకే తీగవాద్యాలకు ఒక పెట్టె ఉంటుంది. మన వీణకు కుండ ఉన్నదీ అందుకే. తీగ కంపనాలు పెట్టెకు, పెట్టె నుంచి గాలికి చేరితే గాని మనకు వినిపించవు. గిటారు పెట్టె ఒక గదికి సరిపోతుంది. కాని 1920ల నాటి అమెరికా నృత్యశాలల్లో బాకాలు, డ్రమ్ములు కలిసి మోగుతూ ఉంటే, గిటారు వాయించేవాడి చేతులు కదలడం కనిపించేదే తప్ప శబ్దం వినిపించేది కాదు.

1931లో లాస్ ఏంజిలస్‌లో జార్జి బీచమ్ అనే వాద్యకారుడూ, అడాల్ఫ్ రికెన్‌బకర్ అనే యంత్ర నిర్మాతా కలిసి దీనికొక ఉపాయం చేశారు. తీగల దగ్గర ఒక అయస్కాంతాన్నీ, సన్నని రాగితీగ చుట్టనూ అమర్చారు. ఉక్కు తీగ ఊగినప్పుడు చుట్ట గుండా పోయే అయస్కాంత అభివాహం మారుతుంది. మారినప్పుడల్లా చుట్టలో విద్యుత్తు పుడుతుంది. ఇది మీరు పదో తరగతిలో చదివే విద్యుదయస్కాంత ప్రేరణే. మైకేల్ ఫారడే దాన్ని సరిగ్గా నూరేళ్ళ ముందు, 1831లో కనిపెట్టాడు. ఈ అమరికనే పికప్ అంటారు. తీగ సెకనుకు 110 సార్లు ఊగితే, చుట్టలో విద్యుత్తు కూడా 110 సార్లు అటూ ఇటూ మారుతుంది. అది బహు స్వల్పమైన విద్యుత్తు. దాన్ని ఆంప్లిఫయరు పెంచి స్పీకరుకు అందిస్తుంది.

ఇక్కడొక తమాషా ఉంది. పికప్ గాలిలోని శబ్దాన్ని వినదు. తీగ లోహాన్నే చూస్తుంది. నైలాన్ తీగలు కట్టి ఎంత గట్టిగా మీటినా స్పీకరు నోరు మెదపదు.

బీచమ్, రికెన్‌బకర్ల మొదటి గిటారు అల్యూమినియంతో పోతపోసినది. గుండ్రటి చిన్న శరీరం, పొడుగాటి మెడతో అచ్చం కాడ ఉన్న పెనంలా ఉండేది. జనం దాన్ని పెనం గిటారు అనే పిలిచారు. ఆ తరువాత మామూలు పెట్టె గిటారుకే పికప్ తగిలించారు. దాంతో మరో చిక్కు వచ్చింది. స్పీకరు శబ్దం వెళ్ళి పెట్టెను ఊపుతుంది, పెట్టె తీగను ఊపుతుంది, తీగ మళ్ళీ స్పీకరును మోగిస్తుంది. వలయం పూర్తయి మీ బడి మైకు కూతే మొదలవుతుంది. దీన్నే ఫీడ్‌బ్యాక్ అంటారు. పికప్ ఉన్నాక పెట్టెతో పనేముంది? లెస్ పాల్ అనే గిటారు విద్వాంసుడు 1940 ప్రాంతంలో నాలుగంగుళాల పైన్ దూలం మీద తీగలు బిగించి వాయించాడు. దానికి 'దుంగ' అనే పేరు పెట్టాడు. కాలిఫోర్నియాలో రేడియోలు బాగుచేసుకునే లియో ఫెండర్ 1950లో గట్టి చెక్క గిటారును కర్మాగారంలో తయారుచేయించి అమ్మకానికి పెట్టాడు. 1954లో అతని స్ట్రాటోకాస్టర్ వచ్చింది. ఫెండర్‌కు గిటారు వాయించడం రాదు!

మిసిసిపి నుంచి షికాగోకు

యంత్రం సిద్ధమైంది సరే, పాట ఎక్కడిది? అది అమెరికా దక్షిణాది పత్తి పొలాల నుంచి వచ్చింది. అక్కడి నల్లజాతి ప్రజలు బానిసత్వం పోయాక కూడా వేరు బడులు, వేరు బస్సు సీట్లు, అతి తక్కువ కూలి, ఎప్పుడు ఎవరు కొట్టి చంపుతారో తెలియని భయం మధ్య బతికారు. వారి పాటల్లో ఒకటి బ్లూస్. 20వ శతాబ్దం మొదటి సగంలో లక్షలాది మంది ఆ పొలాలు వదిలి ఉత్తరాది నగరాలకు పనికోసం వలసపోయారు. మడ్డీ వాటర్స్ అనే గాయకుడు 1943లో మిసిసిపి నుంచి షికాగో చేరాడు. పొలంగట్టు మీద వినిపించిన మామూలు గిటారు, నగరపు పానశాలల రొదలో వినిపించలేదు. అతడు ఎలక్ట్రిక్ గిటారు పట్టాడు. బ్లూస్‌కు కరెంటు తగిలింది.

బ్లూస్ చట్రం చాలా సులువైనది. మన భాషలో చెప్పుకుంటే షడ్జమం, మధ్యమం, పంచమం ఆధారంగా పన్నెండు ఆవృతాలు. మొదటి నాలుగు స మీద, రెండు మ మీద, రెండు స మీద, ఒకటి ప, ఒకటి మ, చివరి రెండు స మీద. తొలినాటి రాక్ పాటల్లో చాలా వాటికి అస్థిపంజరం ఇదే. దాని స్వరాలు కూడా ఖచ్చితంగా మెట్టు మీద కూర్చోవు. సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ మధ్య జారుతూ ఉంటాయి. అందుకోసం గిటారు తీగను మెట్టు మీద పక్కకు లాగుతారు. వీణ వాయించేవారిని చూసి ఉంటే ఆ లాగుడు మీకు కొత్త కాదు.

ఇక లయ. నాలుగు లెక్కపెడుతూ 2 మీద, 4 మీద చప్పట్లు కొట్టండి. 1 మీద వద్దు. కొంచెం ఎదురు ఈదుతున్నట్టు ఉంటుంది కదా? రాక్ డ్రమ్ముల మూల సూత్రం అంతే.

ఈ సంగీతం రికార్డులను వ్యాపారులు మొదట 'జాతి రికార్డులు' అని వేరు చిట్టాలో వేసేవారు. 1949లో ఒక అమెరికన్ సంగీత పత్రిక ఆ పేరు తీసేసి 'రిథమ్ అండ్ బ్లూస్' అన్నది. 1951 నుంచి క్లీవ్‌లాండ్ రేడియోలో అలన్ ఫ్రీడ్ అనే వ్యాఖ్యాత వీటినే తెల్లజాతి పిల్లలకు కూడా వినిపిస్తూ 'రాక్ అండ్ రోల్' అనే పేరును వ్యాప్తిలోకి తెచ్చాడు. పేరు మారింది, డబ్బు దారి కూడా మారింది. బిగ్ మామా థార్న్‌టన్ అనే నల్లజాతి గాయని 1952లో రికార్డు చేసిన 'హౌండ్ డాగ్' అనే పాటను 1956లో ఎల్విస్ ప్రెస్లీ పాడాడు. లోకానికి గుర్తున్నది ప్రెస్లీ పాటే. ఎల్విస్ గొప్ప గాయకుడే, సందేహం లేదు. కాని రాక్ చరిత్ర అతనితోనే మొదలుపెట్టే పుస్తకాలు సగం కథ ఎగరగొట్టినట్టే.

ఆ తరంలో గిటారును ముందు వరుసలోకి తెచ్చినవాడు చక్ బెర్రీ. 1958 నాటి అతని 'జానీ బి. గూడ్' పాట ఇప్పుడు గ్రహాలన్నిటినీ దాటి నక్షత్రాల మధ్య అంతరిక్షంలోకి పోయింది. ఇది అలంకారం కాదు. 1977లో ప్రయోగించిన వాయేజర్ నౌకలలో ఉంచిన బంగారు పూత రికార్డులో ఆ పాట ఉంది. అదే రికార్డులో మన కేసర్‌బాయి కేర్కర్ పాడిన భైరవి కూడా ఉంది.

పగిలిన స్పీకరు

1951 మార్చిలో ఐక్ టర్నర్ బృందం మిసిసిపి నుంచి కారులో మెంఫిస్‌కు రికార్డింగుకు బయలుదేరింది. దారిలో గిటారు ఆంప్లిఫయరు దెబ్బతిన్నది. స్టూడియో యజమాని శామ్ ఫిలిప్స్ స్పీకరులో కాగితం కుక్కి సర్దాడు. శబ్దం బరబరమంటూనే వచ్చింది. ఫిలిప్స్ దాన్ని దాచలేదు, పైకే వినిపించాడు. 'రాకెట్ 88' అనే ఆ పాట పెద్ద విజయం సాధించింది. మొదటి రాక్ రికార్డు ఇదేనని వాదించేవారున్నారు. ఏటికి ఒక్క ఊట ఉండదు గనుక ఆ వాదనలో మనం దిగవద్దు.

తరువాత ఇదొక వరుస అయింది. 1958లో లింక్ రే తన స్పీకరు అట్టకు పెన్సిలుతో కన్నాలు పొడిచాడు. అతడు వాయించిన 'రంబుల్'లో ఒక్క మాట కూడా లేదు. అయినా కుర్రవాళ్ళ వీధి పోట్లాటలను రెచ్చగొడుతుందని కొన్ని రేడియో కేంద్రాలు దాన్ని నిషేధించాయి. 1964లో ఇంగ్లండ్‌లో కింక్స్ బృందానికి చెందిన డేవ్ డేవిస్ స్పీకరు అట్టను బ్లేడుతో చీరాడు. ఈ మధ్యలో నాష్‌విల్‌లోని ఒక స్టూడియోలో పాడైపోయిన మిక్సరు నుంచి వచ్చిన బొంగురు శబ్దం శ్రోతలకు నచ్చేసింది. గ్లెన్ స్నాడీ అనే ఇంజనీరు ఆ లోపాన్నే ట్రాన్సిస్టర్లతో చిన్న పెట్టెలో పునర్నిర్మించాడు. కాలితో నొక్కితే గిటారు గొంతు మారిపోయే 'ఫజ్' పెట్టె అలా 1962లో అంగళ్ళలోకి వచ్చింది. 1965లో రోలింగ్ స్టోన్స్ బృందం దాన్ని ఒక పాటలో వాడిన తరువాత గిరాకీ చెప్పనలవి కాలేదు. లోపాన్ని డబ్బిచ్చి కొనుక్కోవడం విడ్డూరంగా లేదూ!

అసలు ఆ బరబర ఏమిటి? ఆంప్లిఫయరుకు ఒక హద్దు ఉంటుంది. దాని వోల్టేజి అంతకు మించి పెరగదు. తక్కువ ఎత్తు పైకప్పు ఉన్న గదిలో ఎత్తయిన అల లేచిందనుకోండి. శిఖరం కప్పుకు తగిలి చదునైపోతుంది. గిటారు తరంగానికీ అదే జరుగుతుంది. దీన్ని విరూపణ అంటారు. నున్నని తరంగం తల చదునైతే అది ఇక ఒక్క స్వరం కాదు. ఫూరియే అనే ఫ్రెంచి గణితజ్ఞుడు చూపినట్టు, తిరిగి తిరిగి అదే ఆకారంలో వచ్చే ఏ తరంగమైనా అనేక నున్నని తరంగాల మొత్తమే. 110 హెర్ట్జ్ తరంగానికి పైనా కిందా సమంగా కోతపడితే 330, 550, 770 హెర్ట్జ్‌ల అనుస్వరాలు దానికి తోడవుతాయి. తీగ ఇవ్వని వాటిని యంత్రం ఇస్తుందన్నమాట. పాత వాల్వు ఆంప్లిఫయర్లు శిఖరాన్ని మెల్లగా వంచుతాయి, ట్రాన్సిస్టర్లు కత్తితో కోసినట్టు కోస్తాయి. అందుకే చాలామంది గిటారు వాద్యకారులకు వాల్వుల మీద ఇప్పటికీ మోజు.

బొంగురు శబ్దం మనకు మాత్రం పరాయిదా? మన తంబురా గుర్రం మీద తీగ కింద ఒక నూలుపోగు పెడతారు. దాన్ని జీవ అంటారు. తీగ గుర్రాన్ని రాసుకుంటూ 'ఝుం' అని మోగి అనుస్వరాలు గుప్పుమనేది దానివల్లనే. పోగు తీసేస్తే తంబురా చప్పబడిపోతుంది.

మీటని స్వరం

తంబురా మాట వచ్చింది గనుక మరొక సంగతి. తంబురాలో పంచమం, షడ్జమం కలిపి మీటుతారు. ఆ రెంటి పౌనఃపున్యాల నిష్పత్తి 3:2. రాక్ గిటారులో అత్యధికంగా వాడేది కూడా ఆ జంటనే. వాళ్ళు దాన్ని పవర్ కార్డ్ అంటారు. కారణం మళ్ళీ విరూపణలోనే ఉంది. రెండు స్వరాలు ఒకేసారి విరూపణ చెందితే వాటి మొత్తం, వాటి తేడా కూడా కొత్త స్వరాలుగా పుడతాయి. 110, 165 తీసుకోండి. తేడా 55, మొత్తం 275. వచ్చినవన్నీ 55కు గుణిజాలే. అంటే అవన్నీ 55 హెర్ట్జ్ అనే ఒకే ఒక మూలస్వరానికి అనుస్వరాల్లా అమరిపోతాయి. ఎవరూ మీటని మంద్రస్వరం ఒకటి గదిని నింపేస్తుంది. ఇద్దరు వాయిస్తే ముగ్గురు వాయించినట్టు.

పంచమం బదులు అంతర గాంధారం కలిపితే? గిటారు మెట్లు సమాన భాగాలుగా పంచినవి గనుక అక్కడ గాంధారం 137.5కు బదులు 138.6 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. మామూలుగా ఆ తేడా పట్టించుకోం. కాని విరూపణలో అనుస్వరాలు బలంగా ఉంటాయి. ఒకదాని అయిదో అనుస్వరం 550 దగ్గర, రెండోదాని నాలుగోది 554 దగ్గర నిలిచి సెకనుకు నాలుగుసార్లు ఢీకొంటాయి. శబ్దం బురదబురద అవుతుంది. పంచమంలో ఇలాంటి ఢీ దాదాపు మూడు సెకన్లకు ఒకసారే వస్తుంది. అందుకే బొంగురు పెరిగిన కొద్దీ రాక్ పాటల్లో స–ప జంట పెరిగింది. ఏ శాస్త్రకారుడూ నియమం పెట్టలేదు. చెవే దారి చూపింది.

కూతను మచ్చిక చేసినవాడు

1965 ఆగస్టులో న్యూయార్కులోని షే స్టేడియంలో బీటిల్స్ పాడారు. వచ్చినవారు 55 వేలకు పైగా. వారి కేకల్లో వేదిక మీది నలుగురికి తమ పాట తమకే వినిపించలేదు. ఆ మరుసటి ఏడే వాళ్ళు కచేరీలు మానేసి స్టూడియోలో కూర్చున్నారు. టేపు వెనక్కు తిప్పడం, ఒకే గొంతును రెండుగా చేయడం, నాలుగు ట్రాకుల యంత్రం మీద పొరలు పొరలుగా పాట కట్టడం చేశారు. రవిశంకర్ వద్ద సితార్ నేర్చుకున్న జార్జి హారిసన్ ఆ ధ్వనులను కూడా చేర్చాడు. సైకెడెలిక్ రాక్ అనే శాఖ ఇలా స్టూడియో గదుల్లో పెరిగింది.

రెండో దారి పట్టినవారు పెద్ద యంత్రాలు కావాలన్నారు. లండన్‌లో డ్రమ్ముల అంగడి నడిపే జిమ్ మార్షల్ 1962లో ఆంప్లిఫయర్ల తయారీ మొదలుపెట్టాడు. 'ద హూ' బృందం వాళ్ళు అడిగితే 100 వాట్లవి చేశాడు. మనిషి ఎత్తు స్పీకర్ల గోడలు వేదిక ఎక్కాయి. అంత శబ్దంలో గట్టి చెక్క గిటారు తీగ కూడా ఊగక తప్పలేదు. లియో ఫెండర్ వంటివారు కష్టపడి వదిలించిన ఫీడ్‌బ్యాక్ మళ్ళీ వచ్చింది.

దాన్ని వాద్యంగా మార్చినవాడు జిమి హెండ్రిక్స్. స్పీకరుకు ఎంత దూరంలో నిలబడాలి, ఎటు తిరగాలి, తీగ మీద ఎక్కడ వేలు ఉంచాలి అన్న లెక్కతో కూత ఏ స్వరంలో రావాలో అతడు నిర్ణయించేవాడు. మామూలుగా మీటిన తీగ శక్తి కోల్పోతూ నిశ్శబ్దమవుతుంది. ఫీడ్‌బ్యాక్‌లో స్పీకరు ఆ శక్తిని తిరిగి ఇస్తూ ఉంటుంది గనుక స్వరం ఆగకుండా సాగుతుంది, కమాను వేసిన వయొలిన్ లాగా. 1969 ఆగస్టులో వుడ్‌స్టాక్ ఉత్సవంలో అతడు అమెరికా జాతీయగీతాన్ని గిటారు మీద వాయిస్తూ మధ్యలో రాకెట్లు, బాంబులు పడుతున్న శబ్దాలు పుట్టించాడు. అప్పుడు వియత్నాం యుద్ధం నడుస్తోంది. మాట లేకుండానే విన్నవారికి అర్థమైంది. మరుసటి ఏడు 27 ఏళ్ళకే అతడు చనిపోయాడు.

హెండ్రిక్స్ వాడిన 'వా–వా' మీట ఎలా పనిచేస్తుందో మీరు నోటితోనే చూడవచ్చు. ఒకే శ్రుతిలో 'ఊ' అంటూ మెల్లగా 'ఆ'లోకి రండి. శ్రుతి మారలేదు, రంగు మారింది. మీ నోటి ఆకారం మారి కొన్ని అనుస్వరాలను పెంచింది, కొన్నిటిని అణచింది. ఆ మీట చేసేదీ ఇదే.

రెండు వేళ్ళు, ఒక ప్లాస్టిక్ సీసా

లెడ్ జెపెలిన్, డీప్ పర్పుల్ వంటి బృందాలు 1968 నుంచి బ్లూస్‌ను ఇంకా బరువుగా వాయించాయి. అది హార్డ్ రాక్. మిసిసిపి వరద మీద 1929లో వచ్చిన ఒక బ్లూస్ పాటను జెపెలిన్ 1971లో తిరిగి రికార్డు చేసినప్పుడు డ్రమ్ములను ఒక పాత భవనం మెట్ల దగ్గర పెట్టి, పై అంతస్తు నుంచి మైకులు వేలాడదీశారు. మెట్లలోని ప్రతినాదం కలిసి డ్రమ్ము ఏనుగు అడుగులా మోగింది. 

ఇంతకంటే బరువైన శాఖ పుట్టుకకు కారణం ఒక ప్రమాదం. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ కర్మాగారాల ఊరు. అక్కడ టోనీ అయోమీ అనే 17 ఏళ్ళ కుర్రవాడు లోహపు రేకుల కర్మాగారంలో పనిచేస్తూ, సంగీతం కోసం ఉద్యోగం మానుకున్నాడు. ఆఖరి రోజున యంత్రం అతని కుడిచేతి నడిమి వేలు, ఉంగరపు వేలు కొసలు తెంపేసింది. అతడు ఎడమచేతి వాటం. తీగలు నొక్కవలసింది ఆ కుడిచేతి వేళ్ళే. ఇక వాయించలేవన్నారు. కర్మాగారంలో అతని పైఅధికారి ఒక రికార్డు తెచ్చి వినిపించాడు. అది జాంగో రైన్‌హార్ట్ వాద్యం. అగ్నిప్రమాదంలో చెయ్యి కాలి, ప్రధానంగా రెండు వేళ్ళతోనే స్వరాలు పలికించిన గిటారు విద్వాంసుడతడు.

అయోమీ ఒక ప్లాస్టిక్ సీసాను కరిగించి వేలికొసలకు తొడుగులు చేసుకున్నాడు. వాటికి తోలు అంటించాడు. తొడుగుకు స్పర్శ తెలియదు, గట్టి తీగలు నొక్కితే నొప్పి. అందుకని బాంజో వాద్యానికి వాడే సన్నని తీగలు కట్టాడు. తరువాత శ్రుతి కూడా దించాడు. 1971 నాటి ఆల్బంలో మూడు అర్ధస్వరాలు తక్కువకు వచ్చాడు. తీగ పౌనఃపున్యం దాని తన్యత వర్గమూలానికి అనులోమానుపాతంలో ఉంటుందని మీకు తెలుసు. బొంగు తీగ 82.4 నుంచి 69.3 హెర్ట్జ్‌కు దిగింది. నిష్పత్తి 0.84. దాన్ని వర్గం చేస్తే 0.71. అంటే తీగ బిగువు దాదాపు 30 శాతం తగ్గింది. వేళ్ళకు ఊరట కలిగింది. స్వరం మాత్రం గనిలోంచి వస్తున్నట్టు బరువెక్కింది. అతని బృందం బ్లాక్ సాబత్. 1970 ఫిబ్రవరిలో వచ్చిన వారి మొదటి ఆల్బంతో హెవీ మెటల్ మొదలైందని చాలామంది ఒప్పుకుంటారు.

ఆ ఆల్బం మొదటి పాట షడ్జమానికీ ప్రతి మధ్యమానికీ మధ్య దూకుతుంది. పాశ్చాత్యుల చెవికి అది భయం గొలిపే దూరం. మనమేమో ఆ ప్రతి మధ్యమాన్నే పెట్టుకుని కల్యాణి రాగం పాడుకుని మంగళకరం అంటాం! భయం స్వరంలో ఉన్నదా, అలవాటులో ఉన్నదా?

మెటల్ మళ్ళీ చీలింది. వేగం పెంచితే థ్రాష్, తగ్గిస్తే డూమ్. డెత్ మెటల్ గాయకులు గొంతునే విరూపణ పెట్టెలా వాడతారు. స్వరతంత్రుల పైన ఉండే, మామూలుగా మాటకు పనికిరాని మడతలను కూడా కంపింపజేస్తారు. ఆ పాట నాకు రుచించదు గాని, ఆ అదుపు తేలికగా రాదని మాత్రం చెప్పాలి.

చెవి కట్టిన సుంకం

ఈ శబ్దమంతా ఎక్కడికి పోతుంది? 1976లో లండన్‌లో ద హూ బృందం కచేరీలో 32 మీటర్ల దూరంలో 126 డెసిబెళ్ళు నమోదైంది. డెసిబెల్ లెక్క చిత్రమైనది. 10 పెరిగితే శబ్ద తీవ్రత పది రెట్లు. 85 డెసిబెళ్ళను ఎనిమిది గంటలు భరించవచ్చని నిపుణుల అంచనా. ఆపైన ప్రతి 3 డెసిబెళ్ళకు సమయం సగమవుతుంది. 88కి నాలుగు గంటలు, 91కి రెండు. ఇలా లెక్క వేసుకుంటూ పోతే 100 దగ్గర పావుగంట మిగులుతుంది. రాక్ కచేరీలో 100 మామూలే.

మన లోపలి చెవిలో, ఒక్కో చెవికి సుమారు 15 వేల రోమకణాలు ఉంటాయి. శబ్దానికి గడ్డిపరకల్లా ఊగి మెదడుకు కబురు పంపేవి అవే. అతి శబ్దానికి అవి వాలిపోతాయి, చచ్చిపోతాయి. పక్షులలో అవి తిరిగి మొలుస్తాయి. మనలో మొలవవు. ద హూ గిటారు వాద్యకారుడు పీట్ టౌన్‌షెండ్‌కు వినికిడి తగ్గి, చెవుల్లో ఎడతెగని మోత మిగిలింది. వేదిక కన్న స్టూడియో హెడ్‌ఫోన్లే ఎక్కువ చెరుపు చేశాయని అతడే చెప్పాడు. ఏసీ/డీసీ బృందపు గాయకుడు బ్రయన్ జాన్సన్ వినికిడి పూర్తిగా పోతుందన్న వైద్యుల హెచ్చరికతో 2016లో కచేరీలు మధ్యలో ఆపవలసి వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో 110 కోట్ల మంది యువతీయువకుల వినికిడికి ముప్పు ఉందని అంచనా వేసింది. వారిలో చాలామంది ఏ స్టేడియానికీ వెళ్ళినవారు కారు. ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నవారు.

ఏడు మాత్రలు, ఇరవైతొమ్మిది నిమిషాలు

ప్రోగ్రెసివ్ రాక్ వారు వేరే దిశలో పోయారు. పాట ఇరవై నిమిషాలు సాగవచ్చన్నారు. సింథసైజర్లు తెచ్చారు, తాళం మార్చారు. పింక్ ఫ్లాయిడ్ 1973 నాటి ఆల్బం అట్ట మీద పట్టకం గుండా కాంతి విడిపోతున్న బొమ్మ ఉంటుంది. ఎప్పుడైనా చూస్తే రంగులు లెక్కపెట్టండి, ఆరే ఉంటాయి. అందులో నాణేల గలగల, డబ్బుపెట్టె చప్పుడు టేపు ముక్కలుగా కత్తిరించి అతికించి లయ చేసిన పాట ఉంది. ఆ లయ ఏడు మాత్రలది. 'తకిట తకధిమి' అని మిశ్రచాపు వేసి చూడండి, సరిపోతుంది.

ఈ పాండిత్యం చూసి విసుగెత్తినవారూ ఉన్నారు. 1976లో న్యూయార్కు నుంచి వచ్చిన రమోన్స్ మొదటి ఆల్బంలో 14 పాటలు కలిపి 29 నిమిషాలే. అదే పంక్. మూడు స్వరజంటలు వస్తే చాలు, నువ్వే బృందం కట్టు అన్నది దాని ధోరణి. లండన్‌లో పని దొరకని కుర్రకారు దాన్ని అందుకున్నారు. 1991లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన నిర్వాణ బృందం పంక్ తిరుగుబాటునూ, మెటల్ బరువునూ కలిపింది. చరణం గుసగుసగా నడిపి, పల్లవికి కాలితో విరూపణ మీట నొక్కేవారు. ఆ తేడాలోనే దెబ్బ ఉంది. దాన్ని గ్రంజ్ అన్నారు. మురికి అని ఆ మాటకు అర్థం.

పాలకొల్లు మాండలిన్

ఒక శాఖ మన వైపు వచ్చింది. ఇంగ్లండుకు చెందిన జాన్ మక్‌లాఫ్లిన్ 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రా స్థాపించి, రాక్ శబ్దంతో జాజ్‌నూ మన తాళాలనూ కలిపాడు. తరువాత శక్తి అనే బృందంలో ఎల్. శంకర్ వయొలిన్, జాకీర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయకరామ్ ఘటం పక్కన కూర్చుని మామూలు గిటారు వాయించాడు. ఆ గిటారు మెట్ల మధ్య చెక్కను గుంటగా తోలిపించాడు, వీణలో లాగా తీగను లోతుగా లాగడానికి. 1997లో రిమెంబర్ శక్తి అనే పేరుతో అది తిరిగి మొదలైంది. కొద్దికాలానికే దానిలో చేరినవాడు మాండలిన్ యు. శ్రీనివాస్.

శ్రీనివాస్ 1969లో పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో పుట్టాడు. ఆరేళ్ళప్పుడు తండ్రి మాండలిన్ అందుకున్నాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో తొలి కచేరీ చేశాడు. మామూలు మాండలిన్‌కు నాలుగు జతల తీగలుంటాయి, నాదం టక్కున ఆగిపోతుంది. గమకం పలకాలంటే నాదం నిలవాలి, తీగ లాగడానికి లొంగాలి. జతతీగలను రెంటినీ సమంగా లాగడం అసాధ్యం. అతడు ఎలక్ట్రిక్ మాండలిన్ తీసుకుని జతలు తీసేసి అయిదు ఒంటి తీగలు పెట్టాడు. పెనం గిటారులో ఉన్న అయస్కాంతమూ తీగచుట్టా అతని చేతిలో మరో పని చేశాయి. తీగ మెల్లగా నిశ్శబ్దంలోకి జారిపోయే ఆఖరి క్షణం దాకా పికప్ దాన్ని పట్టి వినిపిస్తుంది గనుక, ఒక్క మీటుతో ఎన్నో స్వరాల మీదుగా జారే గమకం దానిలో పలికింది. 1983లో అతడు బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు. అప్పటికి పద్నాలుగేళ్ళు. ఆంప్లిఫయరును ఎన్నడూ హద్దు దాకా పోనివ్వలేదు.